గింజనుండి గింజవరకు

‘అన్నిటికంటె త్వరగా పెరుగు మొక్క ఏది?’

వర్షాకాలము వచ్చి, విజ్ఞాన ప్రదర్శనల ప్రకటనలు వెలువడినంతనే పాఠశాలలలో వినవచ్చు ప్రశ్న యిది. నేను ముప్పది యేండ్లకు పైగా ఉపాధ్యాయుడనుగా, ఆపై ప్రధానోపాధ్యాయుడనుగా పనిచేసితిని. ఈ ప్రశ్న వినని సంవత్సరము నాకు జ్ఞాపకము లేదు. అడుగువారి ఆంతర్యము తెలియనిది కాదు. గడువు దగ్గరపడుచుండును; ప్రయోగము ముగియవలెను; పట్టికలోని గడులు అంకెలతో నిండవలెను. కావున మొక్క త్వరపడవలెను! తమ తొందరను మొక్కపై మోపుట బాలురకు మాత్రమే గాదు, పెద్దలకును అలవాటే.

నేను తెలుగు పండిత శిక్షణ పొందినవాడను. వృక్షశాస్త్రము నా బోధనాంశము కాదు. కాని యీ ప్రశ్న నా చెవిని బడినపుడెల్ల నాకు మొదట తోచునది భాషకు సంబంధించిన సంగతియే. మొక్క చేయు పనులకు మన తెలుగువారు వేరువేరు క్రియలు ఏర్పరచుకొనిరి. గింజ మొలచును, మొలక పెరుగును, మొక్క పూచును, పూచినది కాచును, కాచినది పండును. పల్లెలోని రైతు ఈ మాటలలో ఒకదానికి బదులు మరియొకదానిని పొరపాటుననైనను వాడడు. పట్టణములలో పెరిగిన మనము మాత్రము ఇన్నింటిని కలిపి ‘పెరుగుట’ యను ఒక్క మాటతో సరిపెట్టుకొందుము. చిక్కు అక్కడనే వచ్చును. ఒక క్రియలో వేగము చూపు మొక్క మరియొక క్రియలో మిక్కిలి నెమ్మదిగా నుండవచ్చును.

వెదురును చూడుడు. వెదురులో కొన్ని జాతులు ఒక్క దినములోనే 91 సెంటీమీటర్ల వరకు పెరుగునని లెక్కలు కలవు. ఉదయము మీ మోకాలియెత్తున నున్న పిలక మరునాటి ఉదయమునకు మీ భుజమునందుకొన వచ్చునన్నమాట. కాని యా వెదురే పూచుటకు పదులకొలది యేండ్లు తీసికొనును. మెంతులు మూడవ దినమున మొలచును. ఇరువది, ఇరువదియైదు దినములలో కూరకు కోసికొనవచ్చును. గింజ చేతికి రావలెనన్న మూడు నెలలు దాటవలెను. గోధుమ తొమ్మిది దినములలో జానెడు పెరుగును. వెన్ను పండుటకు ఇంచుమించు నాలుగు నెలలు పట్టును. వీనిలో ఏది త్వరగా పెరుగు మొక్క? అడిగిన విద్యార్థినే, ‘నాయనా, నీకు కావలసినది మొలచుటలో త్వరయా, పూచుటలో త్వరయా, పండుటలో త్వరయా?’ యని తిరిగి యడుగవలసి వచ్చును.

2016వ సంవత్సరము జూన్ నెలలో మా యెనిమిదవ తరగతివారికి ఈ సమస్యయే యెదురైనది. హైదరాబాదు నగరమునకు తూర్పు దెస దిల్‌సుఖ్‌నగర్, లాల్‌బహదూర్ నగర్‌ల నడుమ, ప్రధాన రహదారికి కొంత లోపలగా నున్న ప్రభుత్వ పాఠశాలకు నేనప్పుడు ప్రధానోపాధ్యాయుడను. లాల్‌బహదూర్ శాస్త్రి పేర వెలసిన యా ప్రాంతమును జనులు పొడి యక్షరములతో ఎల్.బి.నగర్ అందురు, నేనును ఇకమీద నట్లే యందును. ఆ కాలమున రహదారి పొడవునను మెట్రో రైలు మార్గపు పనులు జరుగుచుండెను. దారి నడుమ బారులు తీరిన కాంక్రీటు స్తంభములు, వాని చుట్టు రేకుల కంచెలు, ఆ కంచెల ప్రక్క ఒదిగి నడచు జనము! ఆ మార్గముపై 2018 సెప్టెంబరు 24వ తేదీనుండి రైళ్లు నడచుచున్నవి. నేడు దిల్‌సుఖ్‌నగర్‌లో రైలెక్కినవారు చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ స్టేషన్లు దాటి కొద్ది నిమిషములలో ఎల్.బి.నగర్ చేరుదురు. నాడు మాత్రము ఆ కొద్దిపాటి దూరము గడచుటకు ఓర్పు కావలసి యుండెను.

మా విద్యార్థులలో ఆటో నడుపువారి బిడ్డలు, బహుళాంతస్తుల భవనములకు కావలి కాయువారి బిడ్డలు, కొత్తపేట పండ్ల మార్కెట్టులో మూటలు మోయు హమాలీల బిడ్డలు ఎక్కువగా నుండిరి. (ఆ మార్కెట్టు ఇప్పుడచ్చట లేదు, నగరము వెలుపల బాటసింగారమునకు తరలినది.) వీరుగాక పాలమూరు జిల్లానుండి కూలిపనికై వలస వచ్చిన కుటుంబముల పిల్లలు కొందరు. వీరు ఎప్పుడు వత్తురో, ఎప్పుడు పోదురో హాజరుపట్టీకే తెలియవలెను. గుంపు మేస్త్రి ఎచ్చటికి పొమ్మనిన అచ్చటికి తల్లిదండ్రులు పోవుదురు. తల్లిదండ్రుల వెంట పిల్లలు పోవుదురు.

ఆ సంవత్సరము వేసవిలో మా ఆవరణములోని పల్లమును పూడ్చుటకై ఎచ్చటనో పునాదులు త్రవ్వగా వచ్చిన మొరమును బండ్లతో తెచ్చి పోసిరి. మన నగరము నిలిచియున్నది గ్రానైటు శిలపైన. ఆ శిల యుగయుగములుగా ఎండకు, వానకు చివికి గరుకైన మొరముగా మారును. అందులో నీరు నిలువదు. ఆకు కుళ్లిన సారము లేదు. అచ్చట తోట వేయవలెనని పిల్లల కోరిక. వేసిన మొక్క బ్రతుకునా యని వారి సందేహము. ‘ఇంతకంటె మంచి ప్రయోగము మీకు వేరొకటి యేల? మొరములోను, ఎర్రమట్టిలోను ఒకే మొక్కను పెంచి చూడుడు’ అంటిని. జీవశాస్త్రోపాధ్యాయిని ప్రసూతి సెలవుపై నుండుటచే ఈ పనిని నేనే కనిపెట్టి చూడవలసి వచ్చెను.

అయితే ఏ మొక్క? ఒక దినమంతయు తరగతిలో ఈ చర్చయే జరిగెను. సరూర్‌నగర్ చెరువు దగ్గర నివసించు బాలుడొకడు లేచి గుర్రపుడెక్క పేరు చెప్పెను. వాని మాటలో యుక్తి లేకపోలేదు. దక్షిణ అమెరికానుండి మన దేశమునకు వచ్చిన యా మొక్క అనుకూలమైన నీరు దొరకినచో రెండు వారములలో రెట్టింపు కాగలదు, చెరువులను కప్పివేయగలదు. ఇంతలో వెనుక బల్లనుండి ఒక బాలిక, ‘అది నీళ్ల మీద పెరిగేది గద! మనం అడిగింది మట్టి సంగతి’ అనెను. గుర్రపుడెక్క కథ అంతటితో ముగిసెను.

మరునాడు ఇంకొకడు ఎల్.బి.నగర్‌లోని ఖాళీ స్థలమునుండి వయ్యారిభామ మొక్కలను చేతినిండ పెరికి తెచ్చెను. పేరు సొగసైనదే గాని, అంతటి చెడ్డ కలుపు మరియొకటి యరుదు. 1950వ దశకములో పూనా ప్రాంతమున కనిపించినది మొదలు దేశమంతటను వ్యాపించినది. ఒంటికి తగిలినచో కొందరికి దద్దురులు లేచును. దాని పుప్పొడి కొందరికి ఊపిరి సలుపనీయదు. వానిచేత సబ్బుతో చేతులు కడిగించి, ఆ మొక్కలను దూరముగా పారవేయించితిని. త్వరగా పెరుగుట యొక్కటే గుణమైనచో వయ్యారిభామకే పట్టము గట్టవలెను. పాఠశాలలో ప్రయోగమునకు తేదగిన మొక్క తాకిన చేతికి హాని చేయనిదై యుండవలెను; ప్రయోగము ముగిసిన పిదప పొరుగువాని పొలములో కలుపుగా మొలవనిదై యుండవలెను. ఈ రెండు నియమములు వేగముకంటె ముందు చూడవలసినవి.

దేవరకొండ వైపునుండి వచ్చిన లంబాడీ బాలిక గోధుమ పేరు చెప్పినపుడు నాకు మిక్కిలి సంతోషము కలిగెను. వారి తండాలలో శ్రావణ మాసమున తీజ్ పండుగ జరుగును. పెండ్లికాని బాలికలు చిన్న బుట్టలలో పుట్టమన్ను నింపి, గోధుమలు చల్లి, తొమ్మిది దినములు పాటలు పాడుచు నీరు పోయుదురు. అటుపిమ్మట పచ్చగా పెరిగిన మొలకలను నీటిలో కలుపుదురు. మన పెండ్లిండ్లలో పాలికలయందు నవధాన్యములను మొలకెత్తించు అంకురార్పణము ఇట్టిదే గదా! ఏ గింజ ఎన్నవ దినమున మొలచునో యీ బాలికలకు పుస్తకము చూడకుండ తెలియును. గోధుమ మొలకవంటి గడ్డి మొలకలతోనే చార్లెస్ డార్విన్, ఆయన కుమారుడు ఫ్రాన్సిస్ ఒక గొప్ప విషయమును కనుగొనిరి. మొలక కొనకు చిన్న టోపీ తొడిగినచో అది వెలుగు వైపునకు వంగదని, వెలుగును గుర్తించునది కొనయేయని వారు 1880లో ప్రకటించిరి. ఆ గ్రంథము వెలువడునాటికి డార్విన్ వయస్సు డెబ్బదికి పైన. గోధుమలు చల్లుటకు పుట్టమన్నును, గమనించుటకు కన్నును తప్ప వేరేమియు నక్కరలేని ప్రయోగమది! మా వారును ఒక అట్టపెట్టెకు రంధ్రము చేసి, అందులో గోధుమ మొలకల నుంచి, అవి రంధ్రము వైపు మెడ చాచుటను చూచిరి. వెలుగును గూర్చిన ప్రశ్నకు గోధుమయే తగిన మొక్క. మట్టిని గూర్చిన ప్రశ్నకు మాత్రము తొమ్మిది దినములు చాలవు. ఈ సంగతి కొంచెము తరువాత తెలిసినది.

ఎక్కువమంది మెంతులు కావలెననిరి. మెంతులు వంటయింటి డబ్బాలో నుండును. మూడవ దినమున మొలచును. పది దినములలో ప్రయోగము ముగించి, మూడు వారములలో జరుగనున్న మండల ప్రదర్శనమునకు పట్టికను కొనిపోవచ్చును. అందరును చేతులెత్తిరి. పాలమూరు బాలిక యొకతె చేయి యెత్తలేదు. ఆమె మాకు వచ్చి పదిదినములైన కాలేదు. తల్లిదండ్రులు స్తంభముల పనిలో నుండిరి. ‘నీ యభిప్రాయమేమి?’ అని అడిగితిని. కొంతసేపు తల వంచుకొని యుండి, ‘సార్, నాటిన గింజ మల్ల గింజ అయ్యేదాంక మేం ఈడ ఉంటమా?’ అనెను.

తరగతిలో ఎవరికిని ఆ ప్రశ్న అర్థము కాలేదు. మెల్లగా అడుగగా చెప్పెను. అంతకు ముందు ఆమె చదివిన పాఠశాలలు మూడు. మూడింటను గింజలు నాటిరి. ‘మొలకలు సూసిన సార్. ఒకపారి పువ్వు గూడ సూసిన. కాయ సూడలే.’ కాయ కాచునప్పటికి గుంపు వేరొక చోటికి పోయెడిది. ఈసారి వినాయక చవితివరకు ఇచ్చటనే పనియున్నదని మేస్త్రి చెప్పినాడట.

మెంతుల పక్షమువారి తొందరను నేను ఆపలేదు. ఆపుటకంటె చేయనిచ్చుటయే మేలనిపించినది. కొబ్బరి చిప్పలకు అడుగున రంధ్రములు పొడిచి, కొన్నింటిలో ఎర్రమట్టిని, కొన్నింటిలో మొరమును నింపి మెంతులు చల్లిరి. ఎనిమిదవ దినమున కొలబద్దతో కొలిచిరి. రెండింటిలోను మొలకలు సమానముగా నుండెను. మొరములోనివి ఒక రవ్వ ముందున్నవని కూడ కొందరు వాదించిరి. ‘మొరమునకును, ఎర్రమట్టికిని భేదము లేదు’ అని నల్లబల్లపై పెద్ద యక్షరములతో వ్రాసిరి.

అప్పుడు నేను పిడికెడు పెసలు తెప్పించి, ఒక రాత్రి నానబెట్టించి, తడిగుడ్డలో మూట కట్టించితిని. రెండవ దినమునకే తెల్లని మొలకలు గుడ్డను చీల్చుకొని వచ్చుచుండెను. ‘వీనికి ఏ మట్టిని పోసితిరి?’ అని అడిగితిని. ఎవరును మాటాడలేదు. గింజను రెండు బద్దలుగా విప్పి చూపితిని. తల్లిమొక్క తన బిడ్డకు కట్టి యిచ్చిన సద్దిమూట యా బద్దలు. సద్ది యున్నంతకాలము మొలకకు మట్టితో నిమిత్తము లేదు; నీరును, గాలియు, తగిన వేడియు చాలును. కావున తొలి పదిదినములలో మనము కొలిచినది మట్టి బలమును కాదు, సద్దిమూట బలమును. ‘భేదము లేదు’ అను వాక్యమును బల్లపైనుండి వారే తుడిచివేసిరి.

ఇక ఎన్నిక తిరిగి మొదటికి వచ్చినది. మొలచుటయే కాక, పెరిగి, పూచి, కాచి, పండు మొక్క కావలెను. అదియు వినాయక చవితిలోపల, అనగా సెప్టెంబరు 5వ తేదీలోపల. జూలై 1న నాటినచో అరువదియారు దినములు చేతిలో నుండును. ఆ లెక్కను గోడ క్యాలెండరుపై వ్రేలు పెట్టి చూపినది పాలమూరు బాలికయే.

బాలబాలికలారా, మొక్క నెన్నుకొనుటకు ఇంత గొడవ యేల యని మీరనవచ్చును. మెండెల్ పేరు మీరు వినియుందురు. వినకున్నచో పై తరగతులలో విందురు. తల్లిదండ్రుల లక్షణములు సంతానమునకు ఎట్లు సంక్రమించునో బఠానీ మొక్కలతో తేల్చిచెప్పిన మహనీయుడు. ఆయన ప్రయోగములు 1856 మొదలు 1863 వరకు సాగినవి. కాని యంతకుముందే ఆయన విత్తనముల వర్తకులనుండి 34 రకముల బఠానీలను తెప్పించి, రెండేండ్లు వానిని పెంచి పరీక్షించి, వానిలో 22 రకములను మాత్రమే తన పనికి ఉంచుకొనెను. ప్రయోగమునకు ముందు మొక్కనెన్నుకొనుటకే రెండేండ్లు! ఆయన యోపికలో ఈ భాగమును పాఠ్యగ్రంథములు ఒక్క పంక్తిలో దాటవేయుట నాకు ఎన్నడును నచ్చలేదు.

మన కాలమున అమెరికా దేశములోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయములో పాల్ విలియమ్స్ అను శాస్త్రజ్ఞుడు మరియొక దారి త్రొక్కెను. క్యాబేజీ, ఆవ కుటుంబపు మొక్కలకు వచ్చు తెగుళ్లను పరిశోధించుచు, పంట చేతికి వచ్చువరకు కాచుకొనియుండలేక, ఆ కుటుంబములో త్వరగా పూచువానిని ఏరి, వానిని వానితో సంకరము చేసి, తరముతరమునకు వేగము పెంచుచు పోయెను. తుదకు లభించిన మొక్క రెండు వారములలో పూచును. ఇంచుమించు నలువది దినములలో దాని గింజ తిరిగి నాటుటకు సిద్ధమగును. లోకములో అనేక పాఠశాలలలో నేడు దానిని పెంచుచున్నారు. అయితే దానికి రేయింబవళ్లు దీపకాంతి కావలెను. మా పాఠశాలలో పగటివేళ కరెంటు ఉండుటయే ఆ దినపు విశేషము. రాత్రి దీపము పెట్టి కాచువారెవరు? అదియునుగాక, వంటయింటిలోని గింజతో సాధింపగల పనికి సముద్రము దాటనేల?

మా వంటయిండ్లలోని గింజలను ఒక్కొక్కటిగా చూచితిమి. ఆవాలు చలికాలపు పంట. జూలై వానలకు తగదు. సజ్జ ఎనుబది దినములు తీసికొనును. మినుము పెసరకంటె కొంత ఆలస్యము. పెసర మాత్రము అరువది మొదలు డెబ్బది దినములలో గింజనుండి గింజకు వచ్చును. వరంగల్, మధిర, గుంటూరు సమీపమునగల లాం పరిశోధన స్థానములు ఇట్టి స్వల్పకాలిక రకములను రైతులకు అందించినవి. పూవు తనలో తానే ఫలదీకరణము చెందును గనుక తుమ్మెదలకై ఎదురు చూడనక్కరలేదు. మొక్క మిక్కిలి యెత్తు పెరుగదు. ఇన్ని సుగుణములు గల గింజ మన దోసెలలో, పెసరట్లలో కలిసి నిత్యము మన కడుపులోనికి పోవుచుండగా, దానిని శాస్త్రమునకు పనికివచ్చు వస్తువుగా మనమెన్నడును చూడము!

గింజలను కిరాణా దుకాణమునుండి తెచ్చితిమి. విత్తనముల దుకాణములో దొరకు గింజలకు తరచుగా మందు పట్టించి రంగు వేయుదురు. పిల్లల చేతికి అవి తగవు. పొట్టు తీసిన పెసరపప్పు మొలవదు. ముడి పెసలే కావలెను. ఇరువది గింజలను ముందుగా తడిగుడ్డలో నుంచి ఎన్ని మొలచునో లెక్కించితిమి. పదునెనిమిది మొలచినవి. భవన నిర్మాణపు చోట్ల పారవేసిన రంగు డబ్బాలు పండ్రెండు సంపాదించి, శుభ్రముగా కడిగి, అడుగున రంధ్రములు చేసితిమి. ఆరింటిలో పశువుల యెరువు కలిపిన ఎర్రమట్టి. ఆరింటిలో మా యావరణములోని మొరము. ఒక్కొక్క డబ్బాలో రెండేసి గింజలు నాటి, మొలచిన పిదప బలమైనదాని నుంచి రెండవదానిని తీసివేసితిమి. అన్నింటిని మేడపైన ఒకే యెండలో నుంచి, వాన లేని దినమున ఒక్కొక్క దానికి ఒకే కొలత చెంబుతో నీరు పోసితిమి. పావురముల బాధకు పాత వల కప్పవలసి వచ్చెను.

జూలై 4న మొలకలు కనిపించినవి. మొదటి వారము మెంతుల కథయే! రెండు వరుసలును సమానము. పదవ దినమునకు సద్దిమూట ఖాళీయైనది. రెండు బద్దలును ముడుతలుపడి రాలిపోయినవి. మరి రెండు మూడు దినములు గడచునప్పటికి మొరములోని మొక్కలు పాలిపోవ నారంభించెను. మూడవ వారమునకు ఎర్రమట్టి మొక్కలు జానెడు దాటగా, మొరములోనివి అందులో సగమే యుండెను. ఆ వారమే మండల ప్రదర్శనము వచ్చినది. మా వారు రెండు డబ్బాలను, సగము నిండిన పట్టికను కొనిపోయిరి. ‘ఫలితమేమి?’ అని పరీక్షకులడుగగా, ‘ఇంకా పూయలేదు’ అని చెప్పి వచ్చిరి. బహుమతి రాలేదు. రెండు దినములు కొందరు ముఖములు ముడుచుకొని తిరిగిరి, పిదప మరచిపోయిరి.

ఎత్తులు వ్రాయు పుస్తకము పాలమూరు బాలిక చేతిలో నుండెను. ఆమె అక్షరములు ముత్యములు కావు. అంకెలు మాత్రము స్పష్టముగా నుండెడివి. ఆగస్టు మొదటి వారములో రెండు మొక్కల యాకులపై పసుపుపచ్చని మచ్చలు కనిపించినవి. అది పల్లాకు తెగులు. తెల్లదోమ దానిని మొక్కనుండి మొక్కకు చేరవేయును. వానిని పెరికివేయుటకు పిల్లల చేతులు రాలేదు. ఒక దినము వాదించి, చివరకు తామే పెరికి, ‘తీసివేయబడినవి 2, కారణము పల్లాకు’ అని వ్రాసిరి. రెండును ఎర్రమట్టి వరుసలోనివి. చెడిన లెక్కను దాచక వ్రాయుట నాకు బహుమతికంటె మిన్నగా తోచెను.

ఆగస్టు 5న తొలి పూవు పూచినది. పసుపుపచ్చని చిన్న పూవు. చిక్కుడు పూవు ఆకారము. పది దినములు గడచునప్పటికి సన్నని ఆకుపచ్చని కాయలు జంటలు జంటలుగా నిలిచెను. ఆ బాలిక ప్రార్థనకు ముందే మేడపైకి పోవుచుండెను. ఆగస్టు నాలుగవ వారమున ఒకనాడు నా గదికి వచ్చి ద్వారమువద్ద నిలిచినది. మేస్త్రి మాట మారినదట. ఈ తావున పని ముందే ముగిసినందున 30వ తేదీననే గుంపు బయలుదేరవలెనట. అప్పటికి కాయలన్నియు పచ్చిగానే యున్నవి. నేను క్యాలెండరు చూచితిని, ఆమె చూడలేదు. ఆమెకు లెక్క ముందే తెలియును.

27వ తేదీన ఎర్రమట్టి వరుసలో ఒక కాయ నల్లబడెను. 29, సోమవారమునాటికి మొత్తము ఏడు కాయలు నల్లబడినవి. అందులో ఒకటి మొరములోనిది. సారము చాలని మొక్క ఒక్కొక్కపుడు త్వరపడి పండునని రైతులు చెప్పుదురు. మధ్యాహ్న భోజనమునకు ముందు తరగతియంతయు మేడపై గుమికూడెను. కాయలను కోయు పని ఆమెకే విడిచిరి, ఎవరును చెప్పలేదు. ఎండిన కాయ ఆమె వ్రేళ్ల నడుమ చిటుక్కున పగిలి మెలి తిరిగెను. లోపల తొమ్మిది గింజలు. ఆమె వానిని అరచేతిలో పరచుకొని, నాటిన నాటి గింజలలో మిగిలినవానిని తెమ్మని యడిగి, ప్రక్క ప్రక్కన నుంచి చాలసేపు చూచెను. ‘అవే’ అనెను.

మిగిలిన కాయలు సెప్టెంబరు రెండవ వారమునకు పండినవి. ఎర్రమట్టి మొక్కలకు ఒక్కొక్కదానికి పది, పండ్రెండు కాయలు. మొరము మొక్కలకు రెండు, మూడు. పెరికి చూడగా ఎర్రమట్టి మొక్కల వేళ్లకు బుడిపెలు దట్టముగా నుండెను. కోసినచో లోపల లేత గులాబి వన్నె. గాలిలోని నత్రజనిని మొక్కకు అందించు సూక్ష్మజీవుల నివాసములవి. మొరములోని వేళ్లకు అవి యరుదుగా కనిపించెను. తోట వేయదలచిన చోట మొరములో ఎరువును, ఆకుచెత్తను, పాత పొలపు మట్టిని కలిపించితిమి. పుస్తకములో ఆగస్టు 29 తరువాతి పుటలు వేరొక బాలుని చేతివ్రాతతో నున్నవి.

ఆ సోమవారము సాయంకాలము ఆమె నా వద్దకు వచ్చి, కొన్ని గింజలు తీసికొనిపోవచ్చునా యని యడిగెను. ఎర్రమట్టిలోని బలమైన గింజలను ఏరి యీయబోతిని. వలదు, మొరములో కాచినవి కావలెననెను. కారణమడిగితిని. ‘మేం పొయ్యేకాడ గూడ గసొంటి మన్నే ఉంటది సార్. దాంట్ల కాసిందైతే దాంట్ల మొలుస్తది గద.’

ఆమె ఆలోచన తెలివిగలదే. కాని మట్టి మారినంతమాత్రమున గింజ గుణము మారదని, రెండు వరుసలవియు ఒకే రకపు గింజలని, అచ్చట కూడ కొంచెము ఎరువు కలిపినగాని మొక్క పుష్టిగా రాదని చెప్పితిని. ఆమె శ్రద్ధగా విన్నది. కాని నమ్మినట్లు కనిపించలేదు. కొంతసేపు ఆలోచించి రెండు రకములను అడిగెను. పాత ప్రశ్నపత్రములను చించి రెండు పొట్లములు కట్టుకొని, ఒకదానిపై ‘ఎర్రమట్టి’ అనియు, మరియొకదానిపై ‘మొరము’ అనియు వ్రాసికొని, పోవుచోట రంగు డబ్బాలు దొరకునా యని నన్నడిగెను.